పేరూ గోత్రమూ అడిగిన పెట్టె

ఒక గదిలోని కంప్యూటరులో వున్న కాగితాన్ని మరొక గదిలోని కంప్యూటరు మీద తెరచి చూసుకోవడం ఈనాడు మధ్యతరగతి ఇళ్ళలో వింత విషయమేమీ కాదు. అమ్మాయి ముందుగదిలో కూర్చుని పాఠాలు టైపు చేసుకొంటుంది. తండ్రిగారు ఇంటిపన్ను రసీదులూ, బ్యాంకు కాగితాలూ లోపలిగది పెట్టెలో దాచుకొంటారు. ప్రింటరు కూడా దాని ప్రక్కనే వుంటుంది. ఇక పెళ్ళి ఫోటోలు, పిల్లల పుట్టినరోజు ఫోటోలు అన్నీ అందులోనే. ఒక పెట్టెలోని అరను, అనగా ఫోల్డరును, మరొక పెట్టె నుంచి తెరుచుకొనే ఈ ఏర్పాటుకు షేరింగు అని పేరు. తెలుగులో చెప్పాలంటే ఉమ్మడి. ఉమ్మడి అనగానే మన పెద్దలకు రెండు సంగతులు జ్ఞాపకం వస్తాయి: అందులోని సుఖమూ, అందులోని తగవులూ. కంప్యూటర్ల ఉమ్మడికి కూడా ఆ రెండూ తప్పలేదు.

తగవు ఎప్పుడు వస్తుందయ్యా అంటే, తరచుగా అప్‌డేటు అయిన మర్నాడు. రాత్రి పడుకోబోయే వేళకు పెట్టె తనను తాను సవరించుకొంటున్నాననీ, కాసేపు కట్టివేయవద్దనీ చెబుతుంది. తెల్లవారి చూస్తే అన్నీ ఎక్కడివక్కడే వుంటాయి. ప్రక్కగది పెట్టె మాత్రం పలకదు. నిన్నటిదాకా ఒక్క నొక్కుతో తెరుచుకొన్న ఫోల్డరు ఇవాళ మొండికేస్తుంది. తండ్రి కొడుకును అనుమానిస్తాడు. కొడుకు చెల్లెలిని అనుమానిస్తాడు. చివరకు అందరూ కలిసి అప్‌డేటును తిట్టుకొంటారు.

ఇటువంటి సమయంలో నేను మనవి చేసేది ఒక్కటే. చాలాసార్లు అక్కడ చెడిపోయినదంటూ ఏమీ వుండదు. ఇన్నాళ్ళూ తాళం లేకుండా బార్లా తెరిచివున్న తలుపు ఒకటి మూతపడి వుంటుంది. ఆ తలుపును పగలగొట్టుకొని పోవడమా, లేక దానికొక తాళంచెవి చేయించుకోవడమా అన్నదే మన ముందున్న ప్రశ్న.

తెలుగు పాఠాలు చెప్పుకొనే దానికి ఈ పెట్టెల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా కాలేజీలో మా శాఖకు నాలుగు కంప్యూటర్లున్నాయి. వాటి మంచిచెడ్డలు చూసే పని నా మీద పడి చాలా యేళ్ళయింది. ఛందస్సులో గణాలు లెక్కపెట్టే ఓపిక వున్నవారికి ఇదీ అంత కష్టం కాదని అనుభవం మీద తెలుసుకొన్నాను. ఏదైనా వరుసగా చూసుకొంటూ పోవాలి, అంతే.

జాతర ఆదివారంనాడు

సిద్దిపేట జిల్లాలోని కొమురవెల్లి పేరు వినని తెలుగువారు అరుదు. ఇంద్రకీలాద్రి గుట్టమీద వెలసిన మల్లికార్జునస్వామి అక్కడి జనానికి మల్లన్న. సంక్రాంతి మొదలు ఉగాది వరకు ఆదివారం ఆదివారం అక్కడ జాతరే. బోనాలెత్తుకొని వచ్చేవారు, రంగురంగుల పొడులతో పట్నాలు వేయించుకొనేవారు, ఒగ్గు పూజారుల చుట్టూ మూగేవారు, పుట్టువెంట్రుకలు తీయించేవారు – ఎటు చూసినా మనుషులే. గాలిలో బండారి, అంటే పసుపు, తేలుతూ వుంటుంది. అది నుదుటి మీదా, బట్టలమీదా, చివరకు అక్కడి దుకాణాలలోని కంప్యూటరు మీటల మీదా పడుతుంది.

మా చిన్నాన్నగారి అబ్బాయి అక్కడ ఒక చిన్న దుకాణం పెట్టుకొన్నాడు. జెరాక్సులు తీస్తాడు, ఫోటోలు ముద్రిస్తాడు, ఆన్‌లైన్ దరఖాస్తులు పంపుతాడు. ముందు బల్లమీద ఒక కంప్యూటరు, లోపలి గదిలో ప్రింటరుతో బాటు మరొకటి. బల్ల దగ్గర పుచ్చుకొన్నవన్నీ లోపలి పెట్టెలోని ఉమ్మడి ఫోల్డరులో పడతాయి, అక్కడినుంచి అచ్చవుతాయి. దుకాణం తెరిచిన కొత్తలో ఎవరో కుర్రవాడు ఈ ఏర్పాటు చేసిపెట్టి పోయాడట. ఒక జాతర ఆదివారంనాడు దర్శనం చేసుకొని నేను అక్కడికి వెళ్ళేసరికి మావాడి ముఖం వాడిపోయి వుంది.

“అక్కా, నిన్న రాత్రిదాక మంచిగనే నడిచింది. పొద్దుగాల సూస్తె లోపలి పెట్టె తెరుసుకుంటలేదు. ఏందో ఇంగ్లీషుల అంటున్నది, జర సూడు” అన్నాడు.

రాత్రి ముందుబల్ల కంప్యూటరు అప్‌డేటు అయింది. ఇప్పుడది ఒక సందేశం చూపుతోంది. దాని తాత్పర్యం ఇది: మీ సంస్థ భద్రతా నియమాలు, ఎవరో తెలియని అతిథిప్రవేశాన్ని అడ్డుకొంటున్నవి, అందుచేత ఈ ఫోల్డరును తెరవలేరు.

నేను అర్థం చెప్పగానే మావాడికి కోపం వచ్చింది. “గీ సంస్థ ఎవలిదక్కా? సంస్థంటె నేనే గద! నాకు తెల్వకుంట నాకు నియమాలు వెట్టిందెవలు?”

దుకాణం ముందు ఏడెనిమిది మంది నిలబడి వున్నారు. వారిలో ఒక ముసలమ్మ, “బిడ్డా, నాలుగ్గొట్టంగ బస్సున్నది. నా మనుమని పుట్టెంటుకల ఫోటువ ఇస్తవా, లేదా?” అని తొందరపెడుతోంది. ఇంతలో ప్రక్క దుకాణం కుర్రవాడు వచ్చి ఉపాయం చెప్పాడు. “అన్నా, ఫైర్‌వాల్ తీసేస్తె అయిపాయె. కాకుంటె పాతకాలపు షేరింగు మల్ల ఎక్కిస్త. రెండు నిమిషాల పని.”

ముందు ఆ పెద్దమ్మ సంగతి చూడమన్నాను. పెన్‌డ్రైవులో ఫోటోలు ఎక్కించుకొని, లోపలికి తీసుకువెళ్ళి ముద్రించడానికి ఏ నెట్‌వర్కూ అక్కరలేదు గదా! మావాడు అలాగే చేశాడు. ముసలమ్మ మనుమడి బోడిగుండు ఫోటో చూసుకొని మురిసిపోతూ బస్సుకు వెళ్ళింది. రద్దీ కాస్త తగ్గాక నేను ఆ కుర్రవాడిని పిలిచి, దుకాణం గోడ చూపించాను. ఖాతాదారుల సదుపాయం కోసం వైఫై పాస్‌వర్డును పెద్ద అక్షరాలతో వ్రాసి అంటించి వుంది. “నీ ఫోనుకు ఈ వైఫై పెట్టుకొని, బయట బెంచీమీద కూర్చుని, లోపలి పెట్టె కనబడుతుందేమో చూడు నాయనా” అన్నాను.

రెండు నిమిషాలు కాకుండానే అతడు లేచి వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు. ఫోనులో ఫైళ్ళు చూసే యాప్ ద్వారా అతడు లోపలి పెట్టెను పట్టుకొన్నాడు. అది పేరూ అడగలేదు, పాస్‌వర్డూ అడగలేదు. ఫోల్డరు తెరుచుకొంది. గది అద్దెకు తీసుకోవడానికి ఇచ్చిన ఆధార్ నకళ్ళు, ఎవరివో ఆదాయ ధ్రువపత్రాలు, ఆడపిల్లల పాస్‌పోర్టు సైజు ఫోటోలు, బ్యాంకు పుస్తకాల మొదటి పుటలు – అన్నీ బెంచీమీద కూర్చున్న బాటసారి చేతిలో వున్నాయి. కావాలంటే తీసుకోవచ్చు, కావాలంటే తుడిచివేయవచ్చు.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా, “ఇన్ని దినాలసంది గిట్లనే ఉన్నదా అక్కా?” అన్నాడు.

అలాగే వుంది. అప్‌డేటు అయిన పెట్టె ఒక్కటే ఆ దారిని ‘ఇది దొడ్డిదారి, నేను పోను’ అన్నది. మనం కోప్పడినది దానిమీద!

ఈ ఉమ్మడి పుట్టుపూర్వోత్తరాలు

పెట్టెలు ఒకదానితో ఒకటి ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకోవడానికి వాటికొక భాష కావాలి. ఆ భాషను ఎస్.ఎం.బి. అంటారు. 1983లో అమెరికాలోని ఐ.బి.ఎం. కంపెనీలో బారీ ఫీగెన్‌బామ్ అనే ఆయన దీనికి శ్రీకారం చుట్టాడు. తరవాత మైక్రోసాఫ్టువారు దానిని తీసుకొని విండోస్‌లో పెంచి పెద్దచేశారు. 1990 ప్రాంతాలలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిజెల్ అనే పరిశోధక విద్యార్థి, విండోస్ కాని యంత్రాలు కూడా ఈ భాష మాట్లాడే ఏర్పాటు చేశాడు. తాను మొదట పెట్టుకొన్న పేరు మరొక కంపెనీవారి హక్కు అని తేలితే, ఎస్, ఎం, బి అనే అక్షరాలు వరుసగా వచ్చే మాటల కోసం నిఘంటువు వెదికించి ‘సాంబా’ అన్న నృత్యం పేరు పెట్టాడు. నిఘంటువుల వల్ల ఇటువంటి ప్రయోజనం కూడా వుందని మా విద్యార్థులకు చెబుతూ వుంటాను.

ఈ భాష పుట్టినది ఆఫీసులలో. ఆనాడు ఒక గదిలో పది పెట్టెలుంటే ఆ పదీ ఒకరినొకరు ఎరిగినవే. తీగ దాటి బయటివాడు లోపలికి వచ్చే సందు లేదు. పల్లెటూళ్ళలో పూర్వం పగటిపూట తలుపులు వేసుకొనేవారు కారు గదా, అటువంటిదే ఇదీ. అందుచేత పేరు అడగకుండా ‘అతిథి’గా లోపలికి రానిచ్చే పద్ధతి కూడా అందులో ఒకటి వుండిపోయింది. అతిథిని దేవుడన్నారు మనవారు. కాని బీరువా తాళాలు అతిథి చేతికి ఇమ్మని ఎవరూ అనలేదు.

లోకం మారింది. ఇంటింటికీ ఇంటర్నెట్టు వచ్చింది. తీగ పోయి వైఫై వచ్చింది. గోడలు లేని ఇంటికి పాత తలుపులు ఎంతవరకు ఆగుతాయి? 2017 మే 12వ తేదీన ఆ సంగతి ప్రపంచానికంతా తెలిసింది. ‘వన్నాక్రై’ అనే పురుగు, ఎస్.ఎం.బి. మొదటి తరంలోని ఒక లోపాన్ని పట్టుకొని, ఒక పెట్టె నుంచి మరొక పెట్టెకు తనంతట తాను ప్రాకిపోయింది. నూటయాభైకి పైగా దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని పాలబడ్డాయి. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లు ఇస్తేగాని తీయనన్నది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కు పంపవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని కూడా దెబ్బతిన్నాయి. విచారించవలసిన విషయమేమంటే, ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేటు అంతకు రెండు నెలల ముందే, 2017 మార్చిలోనే వచ్చివుంది. వేసుకొన్నవారు బయటపడ్డారు. ‘తరవాత చూద్దాం’ అన్నవారు చిక్కుకొన్నారు.

ఆ యేడాది చివరనుంచే, కొత్తగా ఎక్కించే విండోస్ 10లో ఆ మొదటి తరం భాషను పెట్టడం సామాన్యంగా మానివేశారు. 2024 అక్టోబరులో వచ్చిన విండోస్ 11, 24హెచ్2 అనే అప్‌డేటుతో మరొక అడుగు ముందుకు వేశారు. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ అనే రకాలలో, ఈ ఇచ్చిపుచ్చుకొనే ప్రతి మాటకూ ముద్ర వుండాలన్నారు. పూర్వం జాబులకు లక్కముద్ర వేసేవారు గదా, అటువంటిదే. దారిలో ఎవరైనా జాబు మార్చితే ముద్ర చెదిరి తెలిసిపోతుంది. ఈ ముద్రను ఇరువైపులవారికీ తెలిసిన పాస్‌వర్డు ఆధారంగా తయారుచేస్తారు. అతిథికి పాస్‌వర్డే లేదు. అందుచేత ముద్రా లేదు. అందుచేత ప్రవేశమూ లేదు. మూడు మాటలలో ఇదీ అసలు కథ.

కొమురవెల్లి వెళ్ళినవారికి ఇది ఇంకొక విధంగా చెప్పవచ్చు. మల్లన్న గుడి గుమ్మం అందరిదీ. కాని అర్చన చేయించుకోవాలంటే పూజారిగారు మీ పేరూ, గోత్రమూ అడుగుతారు. హుండీ తాళంచెవి మాత్రం పేరూ గోత్రమూ చెప్పినా ఇవ్వరు. ఎవరికి ఎంతవరకు ప్రవేశమో అంతవరకే. నిన్నటిదాకా పేరు అడగని పెట్టె ఇవాళ అడుగుతోందంటే, అది మనలను అవమానించడం కాదు. మర్యాద నేర్చుకోవడం.

ఒక వరుసలో చూసుకోండి

ఇటువంటి చిక్కు మీ ఇంట వచ్చినప్పుడు అన్ని మీటలూ ఒక్కసారి నొక్కవద్దు. మొదట పెట్టె ఏమంటున్నదో చదవండి. ‘దారి కనబడలేదు’ అంటే ఒక జబ్బు. ‘ప్రవేశం లేదు’ అంటే మరొక జబ్బు. తలనొప్పికీ కాలి బెణుకుకూ ఒకే మాత్ర పనిచేయదు.

దారి కనబడలేదంటే, రెండు పెట్టెలూ ఒకే రౌటరుకు తగిలివున్నవో లేవో చూడండి. ఒకటి ఇంటి వైఫై మీద, రెండవది అతిథుల కోసం పెట్టిన వేరే వైఫై మీద వుంటే అవి ఒకదానినొకటి చూడలేవు. అది సరిగానే వుంటే, రెండవ పెట్టెను పేరుతో కాక నెంబరుతో పిలవండి. ప్రతి పెట్టెకూ 192.168.1.5 వంటి నెంబరు ఒకటి వుంటుంది. నెట్‌వర్కు సెట్టింగులలో కనబడుతుంది. ఫైళ్ళు చూసే కిటికీ పైభాగంలో, వెనక్కు వాలిన గీతలు రెండు గీచి ఆ నెంబరు వ్రాస్తే తలుపు తెరుచుకొందనుకోండి – దారి బాగానే వుంది, పేరు పిలిస్తే పలకడం లేదన్నమాట. అప్పుడు ‘నెట్‌వర్క్ డిస్కవరీ’ అనేది తెరిచివుందో లేదో చూడాలి. ‘ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్’ అనే పొడుగాటి పేరుగల సేవకుడొకడు లోపల వుంటాడు. తన యజమాని పేరు ఇరుగుపొరుగులకు చాటడం అతని పని. అతడు నిద్రపోతూవుంటే లేపి, పెట్టె వెలిగినప్పుడల్లా తనంతట లేచేలా చేయాలి.

నెంబరుతో పిలిచినా పలకకపోతే, మీ నెట్‌వర్కుకు పెట్టె ఏ పేరు పెట్టుకొన్నదో చూడండి. ‘పబ్లిక్’ అంటే సంత. ‘ప్రైవేట్’ అంటే ఇల్లు. సంతలో వున్నాననుకొన్న పెట్టె తలుపులన్నీ వేసుకొంటుంది. అప్‌డేట్లు అయినప్పుడో, రౌటరు మార్చినప్పుడో ఇల్లు కాస్తా సంతగా మారిపోవడం కద్దు. సొంత ఇంట్లోనే అయితే దానిని మళ్ళీ ‘ప్రైవేట్’ చేయండి. రైల్వే స్టేషనులోనూ, హోటలులోనూ మాత్రం సంతగానే వుండనివ్వండి.

ఇక ప్రవేశం లేదన్న జబ్బు. మా దుకాణానికి పట్టినది ఇదే. దానికి మందు ఏమిటంటే, ఫోల్డరు వున్న పెట్టెలో కొత్త ఖాతా ఒకటి తెరవడం. మేము ‘దుకాణం’ అని ఒక ఖాతా తెరిచి, దానికొక పొడుగాటి పాస్‌వర్డు పెట్టాము. ఫోల్డరును ‘ఎవరైనా’ అన్న జాబితా నుంచి తీసివేసి, ఆ ఒక్క ఖాతా పేరున ఇచ్చాము. ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్’ అనే పుటలో, పాస్‌వర్డు వున్నవారికే ప్రవేశమన్న మీటను నొక్కాము. ముందుబల్ల పెట్టె నుంచి పిలవగానే అది పేరు అడిగింది. లోపలి పెట్టె పేరు, వెనక్కు వాలిన గీత, ఖాతా పేరు, పాస్‌వర్డు – ఇవి ఇచ్చి, గుర్తుంచుకోమన్నాము. ఫోల్డరు తెరుచుకొంది. ప్రింటరు కూడా పలికింది. అంతా కలిపి పావుగంట.

ఇక్కడ చాలామందిని తికమకపెట్టే సంగతులు నాలుగున్నాయి.

మొదటిది: పొద్దున పెట్టె తెరవడానికి నాలుగంకెల పిన్ కొడుతున్నారు చూశారా, అది ఆ పెట్టె గుమ్మం వరకే చెల్లుతుంది. ప్రక్కగది నుంచి వచ్చేవారికి అది పనికిరాదు. అసలు పాస్‌వర్డే కావాలి. పిన్‌కు అలవాటుపడి పాస్‌వర్డు మరచిపోయిన ఇళ్ళు చాలా వున్నాయి.

రెండవది: పాస్‌వర్డే పెట్టుకోని ఖాతా పేరు చెబితే విండోస్ నెట్‌వర్కు ద్వారా లోపలికి రానివ్వదు. ‘మా ఇంట్లో అందరం మనవాళ్ళమే, పాస్‌వర్డు దేనికి’ అన్నవారికి వచ్చే చిక్కు ఇదే.

మూడవది: పాత పాస్‌వర్డును పెట్టె జ్ఞాపకం పెట్టుకొని, మీరు కొత్తది పెట్టినా పాతదే అప్పగిస్తూ వుంటుంది. ‘క్రెడెన్షియల్ మేనేజర్’ అనే అరలో ఆ పాతపేరు వెదికి తీసివేయాలి.

నాలుగవది: ఉమ్మడి ఫోల్డరుకు గుమ్మాలు రెండు. షేరింగు ఇచ్చిన అనుమతి ఒకటి, ఆ ఫోల్డరుకు సొంతంగా వున్న అనుమతి మరొకటి. రెండింటిలో ఏది గట్టిదైతే అదే చెల్లుతుంది. బయటి గుమ్మం తెరిచి లోపలి గుమ్మం మరచినవారు ‘అన్నీ ఇచ్చాను, అయినా రావడం లేదు’ అని వాపోతూవుంటారు.

చేయకూడని ఉపాయాలు

ప్రక్క దుకాణం కుర్రవాడు చెప్పిన ఉపాయాలు అబద్ధాలు కావు సుమండీ! కొన్నిచోట్ల అవి పనిచేస్తాయి కూడా. అందుకే అవి ప్రమాదం. ఫైర్‌వాల్ తీసివేయడమంటే, ఒక తలుపు బిర్రుగా వుందని ప్రహరీగోడ కూలగొట్టడం. ఎస్.ఎం.బి. మొదటి తరాన్ని మళ్ళీ ఎక్కించడమంటే, 2017లో పురుగు దూరిన కన్నాన్ని మన చేతులతో మనమే తవ్వడం. ముద్ర అక్కరలేదనీ, అతిథిని రానిమ్మనీ నియమం సడలించడానికి కూడా వీలుంది. కాని ఆ సడలింపు ఈ ఒక్క ఫోల్డరుతో ఆగదు. ఆ పెట్టె ఇకమీద ఏ ముక్కూముఖం తెలియని పెట్టెతోనైనా అదే చనువు చూపుతుంది.

అప్‌డేటునే వెనక్కు త్రిప్పుదామనే ఆలోచన ఇంకొకటి. పెద్ద అప్‌డేటు అయిన తరవాత పది రోజులలోగా సామాన్యంగా అందుకు అవకాశం వుంటుంది. నిజంగా పెట్టె నడవకపోతే చేయవలసిందే. కాని ఫోల్డరు కోసం అప్‌డేటు వదులుకోవడం, చీమ కుట్టిందని చెప్పులు పారవేసి ముళ్ళమీద నడవడం వంటిది. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు ఉచిత సవరణలు ఆగిపోయాయి; ప్రత్యేకంగా నమోదు చేసుకొన్నవారికి మాత్రమే పొడిగింపు ఇచ్చారు. వెనక్కు పోయి ఎంతకాలం వుండగలం?

పాతభాష తప్ప మరొకటి రాని స్కానర్లు, ఫైళ్ళ పెట్టెలు కొన్నిచోట్ల ఇంకా వున్నాయి. అటువంటివాటికి తయారీదారు ఇచ్చే సవరణ ఏదైనా వుందేమో చూడాలి. లేకపోతే వాటినుంచి పెన్‌డ్రైవులో తెచ్చుకోవడం మేలు. ముసలి ఎద్దు కోసం కొత్త బండిని ఆపలేము గదా!

ఇల్లాళ్ళకూ, పిల్లలకూ

ఇది దుకాణాలవారి గొడవ, మనకెందుకనుకోవద్దు. మన ఇళ్ళ వైఫై పాస్‌వర్డు ఎంతమందికి తెలుసో ఒకసారి లెక్కవేయండి. వచ్చిన చుట్టాలకు ఇచ్చాం. ట్యూషను పిల్లలకు ఇచ్చాం. పైవాటాలో అద్దెకున్నవారు అడిగితే కాదనలేక ఇచ్చాం. వారు మంచివారే. కాని వారి ఫోనులో ఏ పురుగు కూర్చుని వుందో వారికే తెలియదు. అందుచేత వచ్చేవారికి వేరే అతిథి వైఫై పెట్టడం ఉత్తమం. ఈనాటి రౌటర్లు చాలావాటిలో ఆ ఏర్పాటు వుంది. మావాడు ఆ సాయంత్రమే గోడమీది కాగితం చించివేసి, ఖాతాదారులకు వేరే వైఫై పెట్టాడు. పని పూర్తయిన ఆధార్ నకళ్ళను ఏ రాత్రికి ఆ రాత్రి తుడిచివేయడం కూడా నియమం చేసుకొన్నాడు.

మనం కూడా నకళ్ళు ఇచ్చేటప్పుడు, ఒప్పుకొనేచోట, మొదటి ఎనిమిది అంకెలు మరుగుచేసిన ఆధార్ ఇస్తే మంచిది. ఆ సౌకర్యం ఆధార్ సంస్థవారే కల్పించారు. దుకాణంలో పని అయిపోగానే, ‘బాబూ, మా కాగితం నీ పెట్టెలోంచి తీసివేశావా?’ అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. కూరగాయలు బేరమాడడానికి లేని మొహమాటం దీనికెందుకు?

పిల్లలున్న ఇంట్లో మరొక మాట. ఉమ్మడిగా ఇచ్చేది ఒక్క ఫోల్డరు మాత్రమే కావాలి. పెట్టె మొత్తం కాదు. చదువుకొనేవారికి చూడడానికి మాత్రమే అనుమతి చాలు. మార్చడానికీ, తుడవడానికీ అనుమతి ఇంటిపెద్దకు వుంటే సరిపోతుంది. పెళ్ళి ఫోటోలు, పోయిన పెద్దల ఫోటోలు మాత్రం ఉమ్మడిలో ఒక్కచోటనే వుంచకండి. వేరే డిస్కులో ఒక నకలు తీసి, దానిని పెట్టె నుంచి విడదీసి, బీరువాలో పెట్టండి. పురుగు తీగెల వెంబడి ప్రాకుతుంది గాని బీరువా తలుపు తెరవలేదు.

ఒక చిన్న నోటుపుస్తకం కూడా అవసరం. ఏ పెట్టెలో ఏ ఫోల్డరు ఎవరి పేరున ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో అందులో వ్రాసి, దానిని నగలతోబాటు దాచుకోండి. పాస్‌వర్డులు కూడా అందులోనే వుండవచ్చు; గోడమీద మాత్రం వద్దు. తాళం వేసి తాళంచెవి గుమ్మానికి వ్రేలాడదీసినట్టవుతుంది.

పెద్ద అప్‌డేటు అయిన మర్నాడు మీ పెట్టె మీ పేరు అడిగితే విసుక్కోకుండా పేరు చెప్పండి. ఇన్నాళ్ళూ అది ఎవరినీ అడగలేదన్న సంగతే మనం భయపడవలసిన సంగతి.